2020 థార్ అంటే ఏ థార్? సెకండ్ హ్యాండ్ ఫోర్ బై ఫోర్‌లో మోడల్ ఇయర్ లెక్క

సెకండ్ హ్యాండ్ బండ్ల ప్రకటనల్లో "2020 మోడల్ మహీంద్రా థార్" అంటూ రెండు బండ్లు పక్కపక్కనే కనిపిస్తాయి. ఒకటి ఆ ఏడాది ఫిబ్రవరిలో రిజిస్టర్ అయింది. 2,498 సీసీ డీజిల్, బీఎస్4 (పాత ఉద్గార ప్రమాణం), ఎయిర్‌బ్యాగ్ ఒక్కటీ లేదు, వెనక ఎదురెదురు బెంచీలు. రెండోది డిసెంబరులో రిజిస్టర్ అయింది. 2.2 లీటర్ల డీజిల్, బీఎస్6, రెండు ఎయిర్‌బ్యాగులు, కారులో ఉన్నట్టు ముందుకు చూసే సీట్లు. ఛాసిస్ వేరు, ఇంజిన్ వేరు, సస్పెన్షన్ వేరు. ఈ రెంటికీ కలిసేది పేరు, ఏడాది, అంతే. ఒకదాని ధర చూపించి రెండోదాన్ని బేరమాడటం కుదరదు.

2025 అక్టోబరులో మూడు డోర్ల థార్‌కు కొత్త రూపం వచ్చింది. దానికి కొద్ది రోజుల ముందే సెప్టెంబరు 22న జీఎస్‌టీ మారింది. పాత థార్ కొనాలనుకునేవాళ్ల ప్రశ్న మాత్రం అదే: "ఏ సంవత్సరం బండి మంచిది?" దీనికి ఒక్క అంకెతో జవాబు చెప్పేవాళ్లు చాలామందే ఉన్నారు. అసలు చిక్కు ఆ అంకెలోనే ఉంది.

## బండికి మూడు పుట్టినరోజులు

తయారీ తేదీ, రిజిస్ట్రేషన్ తేదీ, మోడల్ మార్పు తేదీ. మనవాళ్లు ఈ మూడింటినీ కలిపి "మోడల్" అంటారు. ఈ మూడూ వేర్వేరు ప్రశ్నలకు జవాబులు.

తయారీ నెల, సంవత్సరం ఆర్‌సీలోనే ఉంటాయి. ఛాసిస్ నంబరులోనూ ఆనవాలు దొరుకుతుంది. 17 అక్షరాల ఆ నంబరులో పదో అక్షరం సంవత్సరాన్ని చెబుతుంది: హెచ్ అంటే 2017, జే 2018, కే 2019, ఎల్ 2020, ఎం 2021, ఎన్ 2022, పీ 2023, ఆర్ 2024. అంకెలతో పొరపాటు పడకుండా ఐ, ఓ, క్యూ అక్షరాలను అసలు వాడరు. ఎన్ తర్వాత నేరుగా పీ రావడానికి కారణం అదే. ఫ్రేమ్ మీద కొట్టిన నంబరు, ఆర్‌సీలో నంబరు అక్షరం పొల్లుపోకుండా ఒకటే ఉండాలి.

రిజిస్ట్రేషన్ తేదీ చట్టానికి సంబంధించింది. సొంత బండికి ఆర్‌సీ 15 ఏళ్లు. ఆ గడువు మొదటి రిజిస్ట్రేషన్ రోజు నుంచి నడుస్తుంది. ఇక్కడే తెలుగు రాష్ట్రాల కొనుగోలుదారులు ఎక్కువగా పొరబడతారు. ఢిల్లీ ప్రాంతంలో పదేళ్లు దాటిన డీజిల్ బండ్లు తిరగకూడదని జాతీయ హరిత ట్రిబ్యునల్ 2015లో ఆదేశించింది, 2018లో సుప్రీంకోర్టు దాన్ని సమర్థించింది. ఆ తర్వాత ఈ వ్యవహారం మళ్లీ కోర్టు మెట్లెక్కినా, అక్కడి పాత డీజిల్ బండ్లు తక్కువ ధరకు దక్షిణాదికి రావడం ఆగలేదు. అలా వచ్చిన 2013 థార్ ఎన్‌ఓసీ (పాత రిజిస్ట్రేషన్ ఆఫీసు ఇచ్చే నిరభ్యంతర పత్రం) తెచ్చుకుని, ఇక్కడ లైఫ్ ట్యాక్స్ కట్టి, కొత్త నంబరు తీసుకుంటుంది. తెలంగాణలో 'టీజీ' సిరీస్ 2024 మార్చిలో మొదలైంది. కాబట్టి టీజీ ప్లేటు చూసి బండి 2024 తర్వాతిదే అనుకుంటే పన్నెండేళ్ల పాత బండి చేతికొస్తుంది. ఏపీ39 ప్లేటుకూ ఇదే వర్తిస్తుంది. ప్లేటు కొత్తదైనా ఆర్‌సీ గడువు పాత తేదీ నుంచే లెక్క.

మూడోది మోడల్ మార్పు తేదీ. కంపెనీ ఇంజిన్ మార్చిన రోజు, డిఫరెన్షియల్ లాక్ (ఒక చక్రమే ఊరికే తిరిగిపోకుండా ఆపేది) తీసేసిన రోజు, ఏబీఎస్ (బ్రేకు వేస్తే చక్రాలు బిగుసుకోకుండా చూసేది) పెట్టిన రోజు. ఇవి జనవరి 1న జరగవు, ఏడాది మధ్యలో ఎప్పుడైనా జరుగుతాయి. అందుకే థార్ విషయంలో ఏడాది కన్నా నెలకే విలువ ఎక్కువ.

## మొదటి తరం: 2010 నుంచి 2020 దాకా

థార్ 2010 అక్టోబరులో వచ్చింది. అప్పట్లో పేరు ఒకటే అయినా లోపల రెండు బండ్లు. సీఆర్‌డీఈ అంటే 105 బీహెచ్‌పీ కామన్ రైల్ డీజిల్, ముందు చక్రాలకు టార్షన్ బార్‌తో ఇండిపెండెంట్ సస్పెన్షన్, వెనక కమాన్ పట్టీలు. డీఐ అంటే 63 బీహెచ్‌పీ పాతకాలపు ఇంజిన్, ముందూ వెనకా కమాన్ పట్టీలే. డీఐలో టూ వీల్ డ్రైవ్ కూడా ఉంది. బయటికి ఒకేలా కనిపించే 2014 థార్‌లో ఈ మూడు రకాల్లో ఏదైనా ఉండొచ్చు.

డీఐని ఇష్టపడేవాళ్ల వాదనలో పస ఉంది. అందులో కంప్యూటర్ పాత్ర లేదు. పంపు మెకానికల్ కాబట్టి మండల కేంద్రంలో ట్రాక్టర్లు చూసే మెకానిక్ కూడా చేయి పెట్టగలడు. సీఆర్‌డీఈలో ఇంజెక్టర్లు ఎక్కువ ఒత్తిడి మీద పనిచేస్తాయి, డీజిల్‌లో నీళ్లు, మట్టి కలిస్తే ముందు చెడేవి అవే. అయితే 63 బీహెచ్‌పీతో హైవే మీద లారీని దాటడం కష్టం, మారేడుమిల్లి ఘాట్ ఎక్కుతుంటే వెనక వరస కడుతుంది. పొలం, గుట్ట, వాగు వరకే వాడుకునే వాళ్లకు డీఐ సరిపోతుంది. ఊరికీ ఊరికీ తిరిగేవాళ్లకు సరిపోదు.

మొదటి తరంలో అసలు గీత 2015 జులై. ఆ నెల వచ్చిన మార్పులో డాష్‌బోర్డు కొత్తదైంది, ఫెండర్లు వెడల్పయ్యాయి. అంతకన్నా ముఖ్యంగా సీఆర్‌డీఈ వెనక యాక్సిల్‌కు మెకానికల్ లాకింగ్ డిఫరెన్షియల్ చేరింది. అది ఏం చేస్తుందో తెలిస్తే 2014కూ 2016కూ మధ్య ధర తేడా ఎందుకో అర్థమవుతుంది.

మామూలు డిఫరెన్షియల్ పని మలుపులో రెండు చక్రాలను వేర్వేరు వేగాలతో తిరగనివ్వడం. దాని బలహీనత కూడా అదే. ఒక చక్రం గాల్లో లేచినా, బురదలో దిగినా తిరుగుడంతా ఆ చక్రానికే పోతుంది, గట్టి నేల మీదున్న రెండోది కదలదు. నాలుగు చక్రాలకూ ఇంజిన్ శక్తి అందే ఫోర్ బై ఫోర్ బండి కూడా ముందొక చక్రం, వెనకొక చక్రం తిప్పుకుంటూ ఉన్నచోటే ఉండిపోతుంది. మెకానికల్ లాక్ ఉంటే, రెండు చక్రాల వేగంలో తేడా నిమిషానికి సుమారు 100 చుట్లు దాటగానే లోపలి గవర్నర్ క్లచ్ పలకలను బిగించి రెంటినీ కలిపేస్తుంది. డ్రైవరు నొక్కాల్సిన బటన్ ఏదీ లేదు.

ఇందులో కొనేవాళ్లకు ఒక తిరకాసు ఉంది. బండిని జాకీ మీద లేపి, చక్రాన్ని చేత్తో తిప్పి లాక్ ఉందో లేదో తేల్చలేం. చేత్తో 100 చుట్ల తేడా రాదు, లాక్ ఉన్న యాక్సిల్ కూడా మామూలు దానిలాగే తిరుగుతుంది. నమ్మదగిన దారి ఛాసిస్ నంబరు. దాన్ని బట్టి బండి ఏ వేరియంట్‌గా ఫ్యాక్టరీ నుంచి బయటికొచ్చిందో సర్వీస్ సెంటర్లో తెలుస్తుంది.

తర్వాతి గీత 2017 ఏప్రిల్ 1. ఆ రోజు నుంచి దేశమంతటా బీఎస్4. బీఎస్3 బండ్లు ఇక అమ్మకూడదని సుప్రీంకోర్టు మార్చి 29న చెప్పడంతో చివరి రెండు రోజులు షోరూముల ముందు జనం బారులు తీరారు. అందువల్ల 2017 మార్చి చివర్లో రిజిస్టర్ అయిన బండి 2016లో తయారైనదీ కావచ్చు, బీఎస్3దీ కావచ్చు. ఆర్‌సీలో ఉద్గార ప్రమాణం రాసి ఉంటుంది కాబట్టి ఆ ఒక్క వరస చదివితే చాలు. బీఎస్3, బీఎస్4 తేడా వల్ల ఈరోజు హైదరాబాద్‌లోనో విజయవాడలోనో నడపడానికి అడ్డేమీ లేదు. రేపు ఆంక్షలు పెడితే మొదటి వేటు పడేది మాత్రం పాత ప్రమాణం మీదే.

చివరి గీత 2019. కొత్త నిబంధనలతో ఆ ఏడాది థార్‌కు ఏబీఎస్ వచ్చింది. జూన్‌లో 700 బండ్లను "థార్ 700" పేరుతో అమ్మకానికి పెట్టారు. మొదటి తరమే కావాలనుకునే వాళ్లకు 2019 సీఆర్‌డీఈ అన్నిటికన్నా పూర్తి బండి: లాక్ ఉంది, బీఎస్4, ఏబీఎస్ ఉంది. ఎయిర్‌బ్యాగులు మాత్రం లేవు, వెనక కూర్చునేవాళ్లు అడ్డంగానే కూర్చోవాలి. ఇంట్లో చిన్న పిల్లలుంటే మొదటి తరం గురించి ఆలోచించకపోవడమే సరి. ఎన్ని యాక్సెసరీలు బిగించినా ఆ లోటు తీరదు.

## రెండో తరం: 2020 అక్టోబరు 2 తర్వాత

2020 ఆగస్టు 15న చూపించి, అక్టోబరు 2న అమ్మకానికి పెట్టిన థార్ నిజంగా కొత్త బండి. 2.0 లీటర్ల టర్బో పెట్రోల్ 150 పీఎస్, 2.2 లీటర్ల డీజిల్ 130 పీఎస్. ఆరు గేర్ల మాన్యువల్, ఆరు గేర్ల టార్క్ కన్వర్టర్ ఆటోమేటిక్. ముందు డబుల్ విష్‌బోన్, వెనక కాయిల్ స్ప్రింగులు. నేల నుంచి ఎత్తు 226 మిల్లీమీటర్లు, 650 మిల్లీమీటర్ల లోతు నీళ్లలో దిగగలదు. నవంబరులో కార్లను ఢీకొట్టి భద్రత చూసే గ్లోబల్ ఎన్‌క్యాప్ పరీక్షలో నాలుగు స్టార్లు వచ్చాయి. పరీక్షించింది ముందుకు చూసే సీట్ల బండినే కాబట్టి, తొలి రోజుల్లో వచ్చిన, ఆరుగురు కూర్చునే అడ్డం సీట్ల ఏఎక్స్ వేరియంట్‌కు ఆ స్టార్లు అంటగట్టకూడదు.

"మొదటి ఏడాది బండి కొనకూడదు" అని పాత సామెతలా చెబుతుంటారు. థార్ విషయంలో అది ఎంత నిజం? ఒక కేసు స్పష్టంగా ఉంది. 2020 సెప్టెంబరు 7 నుంచి డిసెంబరు 25 మధ్య తయారైన 1,577 డీజిల్ థార్లను క్యామ్‌షాఫ్ట్ లోపం కారణంగా 2021 ఫిబ్రవరిలో వెనక్కి పిలిచారు. విడిభాగం సరఫరా చేసిన వాళ్ల ఫ్యాక్టరీలో మెషిన్ సెట్టింగ్ తప్పడం దీనికి కారణమని కంపెనీ చెప్పింది. క్యామ్‌షాఫ్ట్ మార్చిన బండికి ఇక ఆ బెంగ లేదు. ఎప్పుడూ సర్వీస్ సెంటర్ ముఖం చూడని బండి అయితేనే చిక్కు. అంటే 2020 చివరి డీజిల్ బండిని చెడ్డ బండిగా కొట్టిపారేయనక్కర్లేదు. రీకాల్ పని జరిగినట్టు సర్వీస్ రికార్డులో కనిపించాలి, అంతే. అదే నెలల్లో తయారైన పెట్రోల్ బండికి ఈ రీకాల్‌తో సంబంధమే లేదు.

ఇక 2023 జనవరి. కొనేవాళ్లను అందరికన్నా ఎక్కువ తికమక పెట్టే నెల ఇదే. ఆ నెల రియర్ వీల్ డ్రైవ్ థార్ వచ్చింది. డీజిల్‌లో 1.5 లీటర్ల కొత్త ఇంజిన్, పెట్రోల్‌లో ఆటోమేటిక్ మాత్రమే. నాలుగు మీటర్ల లోపు పొడవు, 1,500 సీసీ లోపు డీజిల్ అయితే పన్ను తక్కువ కాబట్టి ఆ 1.5 వచ్చింది. చూడ్డానికి అదే థార్. కానీ ముందు చక్రాలకు శక్తి వెళ్లే దారే లేదు, నెమ్మదిగా, ఎక్కువ బలంతో లాగే లో రేంజ్ గేరు లేదు. సూరీడు నడినెత్తికొచ్చే వేళ ఎండిన వాగులో ఇసుకలో దిగబడితే ఆ తేడా తెలుస్తుంది. ప్రకటనలో "థార్ 2023 డీజిల్" అని మాత్రమే ఉంటే అది ఏ థారో చెప్పలేం. గేరు లివర్ పక్కన రెండో లివర్ ఉందా లేదా చూస్తే క్షణంలో తేలిపోతుంది.

అదే సమయంలో ఫోర్ బై ఫోర్ బండ్లలోనూ ఒక మార్పు జరిగింది. అంతకుముందు పై వేరియంట్ ఎల్‌ఎక్స్‌లో వచ్చే మెకానికల్ లాక్ బదులు బ్రేకులతో పనిచేసే ఎలక్ట్రానిక్ లాకింగ్ ప్రామాణికమైంది. మెకానికల్ లాక్ ఎల్‌ఎక్స్ డీజిల్ ఫోర్ బై ఫోర్‌లో ఆప్షన్‌గా మిగిలింది. దీని మీద రెండు వర్గాలున్నాయి. ఎలక్ట్రానిక్ చాలనేవాళ్లు చెప్పేది ఇది: తిరిగిపోతున్న చక్రానికి బ్రేకు పడితే శక్తి రెండో చక్రానికి వెళ్తుంది, ఈ పని ముందు చక్రాలకూ జరుగుతుంది, క్లచ్ పలకలు అరగడమన్నది లేదు. మెకానికల్ కావాలనేవాళ్ల మాట: బ్రేకు పట్టడమంటే శక్తిలో కొంత వేడిగా పోవడమే, గంటసేపు రాళ్ల మీద ఎక్కిదిగితే బ్రేకులు కాలుతాయి, పైగా చక్రం కాస్త తిరిగాక గానీ వ్యవస్థ మేలుకోదు. రెండు మాటలూ నిజమే. అరకు, లంబసింగి, వంజంగి రోడ్ల దాకా వెళ్లేవాళ్లకు మొదటిది బోలెడు. వారాంతాల్లో కావాలని గుంతల్లో దించేవాళ్లకు 2021, 2022 ఎల్‌ఎక్స్ ఫోర్ బై ఫోర్ విలువైనది. ఆ రెండేళ్ల బండ్ల ధర తొందరగా దిగకపోవడానికి ఇదొక కారణం.

## ఇంధనం కూడా ఏడాదిని నిర్ణయిస్తుంది

డీజిల్‌లో బీఎస్6 అంటే సైలెన్సర్ దారిలో డీపీఎఫ్ అనే మసి జల్లెడ. మసి నిండినప్పుడు అది తనను తాను కాల్చుకుని శుభ్రపడాలి. అందుకు కొంతసేపు ఆగకుండా వేగంగా నడిచే ప్రయాణం కావాలి. రోజూ నాలుగు కిలోమీటర్లు ఆఫీసుకు వెళ్లొచ్చే బండిలో, లేదంటే లో రేంజ్‌లో నిమ్మదిగా పాకే బండిలో ఆ అవకాశం రాదు. సగంలో ఆగిపోయిన శుభ్రత మళ్లీ మళ్లీ మొదలవుతుంది, కాలని డీజిల్ ఇంజిన్ ఆయిల్‌లో కలిసి ఆయిల్ మట్టం పెరుగుతుంది. డిప్‌స్టిక్ మీద ఆయిల్ గీత కన్నా పైన ఉండి, డీజిల్ వాసన వస్తుంటే కారణం సాధారణంగా ఇదే. కాబట్టి 18 వేల కిలోమీటర్లే తిరిగిన 2021 సిటీ డీజిల్ కన్నా, 70 వేలు హైవే మీద తిరిగిన 2021 డీజిల్ ఇంజిన్ ఆరోగ్యంగా ఉండే అవకాశం ఎక్కువ. తక్కువ కిలోమీటర్లంటే మంచి బండి అన్న లెక్క ఇక్కడ తలకిందులవుతుంది.

పెట్రోల్‌లో గీత 2023 ఏప్రిల్. ఆ నెల నుంచి తయారైన పెట్రోల్ బండ్ల ఇంధన వ్యవస్థలోని రబ్బరు, ప్లాస్టిక్ భాగాలు 20 శాతం ఇథనాల్‌ను తట్టుకునేలా ఉండాలి. ఇప్పుడు బంకుల్లో దొరికేది ఆ 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలే. దీని వల్ల పాత బండ్లకు పెద్ద నష్టం లేదని ప్రభుత్వం అంటోంది, మైలేజీ తగ్గిందని వాడేవాళ్లు అంటున్నారు. ఇథనాల్‌లో శక్తి పెట్రోల్ కన్నా తక్కువ కాబట్టి మైలేజీ కొంత తగ్గడం సహజమే. రబ్బరు గొట్టాల మాట వేరు, వాటి ప్రభావం నెలల్లో కాదు, ఏళ్లలో తెలుస్తుంది. 2020 నుంచి 2022 వరకు వచ్చిన పెట్రోల్ థార్లో ఇంధన గొట్టాలు, వాటి కీళ్ల దగ్గర తడి, పగుళ్లు చూసుకోవాల్సింది అందుకే. ఏళ్ల తరబడి ఉంచుకునే ఉద్దేశంతో పెట్రోల్ కొనేవాళ్లకు 2023 ఏప్రిల్ తర్వాతి తయారీ కొంచెం ఎక్కువ పెట్టినా తగినదే.

## రెండు లెక్కలు

కింది ధరలు ఊహించినవి, పద్ధతి చూపడానికే.

2026 జనవరిలో ఇద్దరి దగ్గర బేరం నడుస్తోందనుకుందాం. మొదటిది 2015 సెప్టెంబరు సీఆర్‌డీఈ, 5,50,000 అడుగుతున్నారు. క్లచ్, కమాన్ బుష్‌లు, టైర్లకు 90,000 అవుతుంది. మొత్తం 6,40,000. ఆర్‌సీ గడువు 2030 సెప్టెంబరు, అంటే 56 నెలలు. నెలకు సుమారు 11,430. రెండోది 2019 జూన్ సీఆర్‌డీఈ, 7,80,000, పైన 40,000 పని. మొత్తం 8,20,000. గడువు 2034 జూన్ దాకా 101 నెలలు. నెలకు సుమారు 8,120. ఖరీదైన బండే చవక తేలింది.

అయితే ఆర్‌సీని 15 ఏళ్ల తర్వాత ఫిట్‌నెస్ చూపించి, గ్రీన్ ట్యాక్స్ కట్టి మరో ఐదేళ్లు పొడిగించుకోవచ్చు. రెండు బండ్లకూ ఆ ఖర్చు, రిపేర్లు కలిపి 60,000 అనుకుంటే మొదటిది 7,00,000ను 116 నెలలతో భాగిస్తే సుమారు 6,030. రెండోది 8,80,000ను 161 నెలలతో భాగిస్తే సుమారు 5,470. తేడా మూడు వేల మూడొందల నుంచి ఐదొందల అరవైకి పడిపోయింది. బండిని ఎన్నేళ్లు ఉంచుకుంటామన్నది తేల్చకుండా ఏ ఏడాది చవకో తేల్చలేమని ఈ తేడా చెబుతోంది. ఢిల్లీకో గురుగ్రామ్‌కో ఉద్యోగం మారే అవకాశం ఉన్నవాళ్లకు పొడిగింపు లెక్క పనికిరాకపోవచ్చు.

రెండో లెక్క బీమాది. థార్ ధర మార్కెట్‌లో నెమ్మదిగా దిగుతుంది, బీమా విలువ మాత్రం పట్టిక ప్రకారం దిగుతుంది. నాలుగేళ్లు దాటి ఐదు నిండని బండికి తరుగుదల 50 శాతం. కంపెనీ ధర 15 లక్షలున్న మోడల్‌ను నాలుగున్నరేళ్ల వయసులో 10 లక్షలకు కొన్నారనుకుంటే, బండి పూర్తిగా పోయినప్పుడు బీమా కంపెనీ లెక్కలోకి తీసుకునేది ఏడున్నర లక్షలు. మిగతా రెండున్నర లక్షలు కొన్నవాళ్ల మీదే పడతాయి. వరద, ఘాట్ రోడ్లలో తిరగడానికే కొనే బండికి ఇది చిన్న విషయం కాదు.

కొత్త బండి ధర కూడా ఇందులో భాగమే. 2025 సెప్టెంబరు జీఎస్‌టీ మార్పుతో రియర్ వీల్ డ్రైవ్ డీజిల్ థార్ ధర 1.35 లక్షల వరకు, ఫోర్ బై ఫోర్ డీజిల్ ధర సుమారు 1.01 లక్షల వరకు తగ్గింది. పాత ఇన్వాయిస్ చూపించి "నేను ఇంత పెట్టి కొన్నా" అనే ఓనర్ చెప్పేది అబద్ధం కాకపోవచ్చు. ఆ అంకె మాత్రం ఈరోజు మార్కెట్‌ది కాదు.

## జిప్సీ, గూర్ఖా

థార్‌తో పాటు సెకండ్ హ్యాండ్‌లో చూసే మిగతా ఫోర్ బై ఫోర్‌లకూ ఇలాంటి గీతలే ఉన్నాయి. మారుతీ జిప్సీ 1985లో 970 సీసీతో మొదలైంది. 1996లో 1,298 సీసీ జిప్సీ కింగ్ వచ్చింది. 2000లో కార్బురేటర్ పోయి, ఇంజెక్టర్లతో ఇంధనం చిమ్మే 16 వాల్వుల ఎంపీఎఫ్ఐ 80 బీహెచ్‌పీ ఇంజిన్ వచ్చింది. ఇథనాల్ పెట్రోల్ రోజుల్లో కార్బురేటర్ జిప్సీని కొనడం రబ్బరు భాగాలన్నీ మార్చుకునే ఓపిక ఉన్నవాళ్ల పని, కాబట్టి ఇక్కడ గీత 2000. ఫోర్స్ గూర్ఖాలో ముందూ వెనకా రెండు యాక్సిళ్లకూ లాక్ ఉంటుంది. దానిలో గీతలు 2021, 2024. మొదటిది కొత్త ఛాసిస్, రెండోది 140 పీఎస్ ఇంజిన్.

## ఒకే నెలలో పుట్టినా

సరైన ఏడాదిని ఎంచుకున్నాక కూడా, అదే నెలలో ఫ్యాక్టరీ నుంచి వచ్చిన రెండు బండ్లు ఐదేళ్లకు పోలిక లేనంత వేరవుతాయి.

ఉదాహరణకు టైర్లు. ఎల్‌ఎక్స్ అసలు టైరు 255/65 ఆర్18, దాని వ్యాసం సుమారు 789 మిల్లీమీటర్లు. మట్టి కోసం చాలామంది వేయించే 285/70 ఆర్17 టైరు వ్యాసం సుమారు 831. తేడా ఐదున్నర శాతానికి కొంచెం తక్కువ. మీటర్ చక్రం చుట్లనే లెక్కపెడుతుంది కాబట్టి ఆ టైర్లతో మీటర్‌లో 60,000 చూపిస్తే నిజంగా తిరిగింది 63,200. మీటర్ వెనక్కి తిప్పకుండానే అంకె తగ్గిపోయింది. బరువైన టైర్లు బాల్ జాయింట్లను, వీల్ బేరింగులను త్వరగా అరగదీస్తాయి. ఆర్‌సీలో ఉన్న బండికీ ఎదురుగా ఉన్న బండికీ పోలిక చెడితే బండిలో మార్పులను కట్టడి చేసే మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 అడ్డొస్తుంది, బీమా క్లెయిమ్ దగ్గర కూడా అదే అడ్డంకి. టైరు పక్కన ఉండే నాలుగంకెలు తయారీ వారం, ఏడాది: 2321 అంటే 2021లో 23వ వారం. 2022 బండికి 2021 టైర్లుంటే 20,000 కిలోమీటర్ల మీటర్‌ను నమ్మొచ్చు. అదే మీటర్‌తో 2024 టైర్లుంటే అడగాల్సిన ప్రశ్న ఉంది.

ఫోర్ బై ఫోర్ లివర్‌ది మరో కథ. థార్‌లో ముందు, వెనక యాక్సిళ్ల మధ్య డిఫరెన్షియల్ లేదు. తారు రోడ్డు మీద ఫోర్ హైలో (మామూలు వేగపు ఫోర్ బై ఫోర్ గేరులో) మలుపు తిప్పితే ముందు చక్రాలు, వెనక చక్రాలు వేర్వేరు దూరాలు నడవాలి, కానీ వాటిని కట్టేశారు. మట్టిలో అయితే చక్రం జారి సర్దుకుంటుంది. తారు మీద జారదు కాబట్టి ఆ బిగువంతా ప్రొపెల్లర్ షాఫ్ట్ జాయింట్ల మీద, ముందు, వెనక చక్రాలకు శక్తి పంచే ట్రాన్స్‌ఫర్ కేస్ గొలుసు మీద పడుతుంది. "వానలో గ్రిప్ కోసం ఎప్పుడూ ఫోర్ బై ఫోర్‌లోనే నడిపా" అనే మాట కొనేవాళ్లకు ప్రమాద ఘంటిక. గేరులో పెట్టి క్లచ్ వదిలేటప్పుడు కింద "టక్" మని వినిపిస్తే ఆ జాయింట్లే అనుమానితులు.

ఇక నీళ్లు. 2020 అక్టోబరులో హైదరాబాద్, 2024 సెప్టెంబరులో బుడమేరు ముంచిన విజయవాడ కాలనీలు. ఆ తేదీల కన్నా ముందు తయారై ఆ ప్రాంతాల్లో ఉన్న బండికి నీటి చరిత్ర ఉందేమో చూడక తప్పదు. సీటు బెల్టును చివరి దాకా లాగితే రోజూ బయటికి రాని భాగంలో బురద గీత కనిపిస్తుంది. అక్కడిదాకా తుడిచేవాళ్లు తక్కువ. విశాఖ, సూర్యలంక తీరాల్లో ఇసుకలో తిప్పిన బండికి తుప్పు పై రంగులో కాదు, ఛాసిస్ గొట్టం లోపల, కమాన్ల యూ బోల్టుల దగ్గర మొదలవుతుంది.

వాగులో దించిన బండి సంగతి యాక్సిల్ ఆయిల్ చెబుతుంది. నడిచి నడిచి వేడెక్కిన యాక్సిల్ చల్లటి నీళ్లలో దిగగానే లోపలి గాలి కుంచించుకుపోతుంది. లోపలికి గాలి ఆడనిచ్చే బ్రీదర్ గొట్టం మూసుకుపోయి ఉంటే ఆ ఖాళీ భర్తీకి సీల్ అంచు నుంచి నీళ్లు లోపలికి పీల్చుకుంటుంది. వెనక డిఫరెన్షియల్ ఫిల్లర్ బోల్టు విప్పి, చిటికెన వేలు పెట్టి తీస్తే మంచి ఆయిల్ తేనె రంగులోనో నల్లగానో అంటుకుంటుంది. నీళ్లు కలిసినది పాలు పోసిన కాఫీలా ఉంటుంది. ఆయిల్ మార్చితే రంగు పోతుంది, బేరింగు మీద పడిన తుప్పు మచ్చ పోదు. కొన్ని వేల కిలోమీటర్ల తర్వాత అది 60 స్పీడు దగ్గర సన్నటి ఊళలా వినిపించడం మొదలవుతుంది.